చాటెడు తౌడు

నా చేతిల ముద్ద, అవ్వ నోట్ల సగం ముద్ద, ఎదురుంగ టీవీల మా అమ్మగారి ఫొటో, ఆ ఫొటోకు దండ. పోయిన వారం మనం ఆగింది అక్కడ.

అమ్మగారంటే శకుంతలమ్మ. ఒకప్పుడు సినిమాలల్ల అక్క వేషాలు, ఆ తర్వాత దూరదర్శన్‌ల అందరికి తల్లి వేషాలు వేసిన మనిషి. ఇప్పుడు డెబ్బై మూడేండ్లు. ఎంకపల్లి పక్కన ఫామ్‌హౌస్‌ల ఒక్కతే ఉంటది. నేను మొయినాబాద్ తాన హిమాయత్‌నగర్ ఊరి నుంచి పొద్దుగాల పోయి వంట చేసిపెట్టి, పగటీలి ఇంటికొస్త. ఇంట్ల నా పెనిమిటి యోసేపు, ఆయన నాయనమ్మ సత్తమ్మ. తొంభై దాటిన ముసలామె, అందరం అవ్వ అంటం. మా బిడ్డ ప్రవీణ హాస్టల్ల ఉండి చదువుతున్నది.

తప్పు నాది. పన్నెండు దినాల కింద సీరియల్ కంపెనీ మేనేజర్ ఆనంద్ బాబు వచ్చినప్పుడు అమ్మగారు పండుకొని ఉన్నది. "సీరియల్ల అమ్మగారి ఫొటో కావాలె" అన్నడు. వేషం కోసమే అనుకున్న. ఆల్బం తీసి, ఉన్నదాంట్ల మంచి ఫొటో, ముప్పై ఏండ్ల వయసుది, నవ్వేది, ఇచ్చి పంపిన. అమ్మగారు లేవంగనే చెప్పిన, నిన్ను సీరియల్లకు తీసుకుంటున్నరు, ఫోన్ వస్తదని. ఆమె ఆ ఫోన్ కోసం కూసున్నది. సోమారం పగటీలి ఆ ఫొటో ఎట్ల వచ్చిందో నేను మా ఇంట్ల టీవీల చూసిన. సీరియల్ మొదలు కాకముందే చచ్చిపోయిన అత్తగారు. ముందల ఊదుబత్తి గూడ ముట్టిచ్చిన్రు.

అవ్వ నోట్ల ముద్ద మింగలే. చెంగుతోని తుడుచుకున్నది.

"ఎప్పుడు పోయింది?" అన్నది.

"ఎవరు పోలే అవ్వా. అది సీరియల్. ఆమె నేను వంట చేసే మేడమే. ఎంకపల్లి తాన ఉంటది. పొద్దుగాల నా చేతి ఇడ్లీ తిన్నది."

అవ్వ నా దిక్కు తిరిగింది. ఆ కండ్లల్ల పొర ఉన్నదిగని, చూపు మాత్రం సూది లెక్క గుచ్చుతది.

"దండ నాకు కనపడ్డది."

"ప్రమాణం అవ్వా. బతికే ఉన్నది."

"నువ్వు నాకెప్పుడు నిజం చెప్పినవే? ప్రవీణకు జ్వరమొచ్చి దవాఖానల పడితె, పరీక్షలున్నయి రాలే అన్నవు. యోసేపు ఆటో బోర్లపడితె, బ్రేకులు చేయించనీకె ఇచ్చిండు అన్నవు."

చెడ్డ ముచ్చట నోట్లకెల్లి బయటపడితె అది నిజమైతదని నాకు బుగులు. అందుకె ఎన్నడు చెప్ప. అవ్వ గోడ దిక్కు తిరిగి పండుకున్నది. మాపటికి తినలే. మంగళారం పొద్దుగాల చాయ గూడ ముట్టలే. చెయ్యి మాత్రం కిందికి జారేసి, మంచం కింద పెట్టుకున్న పాత చాట అంచును తడుముకుంట ఉన్నది. ఆ చాటతోని ఆమె బియ్యం చెరగనియ్యది, ఎండల పెట్టనియ్యది. అంచు ఊడితె గుడ్డ పెట్టి కుట్టుకుంటది. ముసలోళ్లకు ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి అని నేను ఎన్నడు అడగలే.

అవ్వ గిట్ల ఉన్నంక పనికి పోవుడా మానుడా అని వాకిట్ల నిలవడ్డ. అక్కడ అమ్మగారు టీవీ పెట్టిందనుకో, తన ఫొటోకు దండ చూసి గుండె ఆగితె? ఆ ఇంట్ల ఎవరుంటరు పట్టనీకె? ఉరికిన తీరు పోయి ఆటో ఎక్కిన.

అమ్మగారు స్నానం చేస్తున్నది. ముందుగాల నేను చేసిన పని, రిమోట్ల రెండు సెల్లులు తీసి కందిపప్పు డబ్బల ఏసుడు. ఆ తర్వాత ప్రవీణకు ఫోన్ చేసి తిన్నవా అని అడిగిన. "అమ్మా, పొద్దుగాల సంది మూడోసారి" అని పెట్టేసింది.

ఆ ఇల్లు పెద్దది. మనిషి మాట్లాడితె గోడలకు తగిలి మళ్ల మన తానికే వస్తది. శనారం ఆదారం చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌లల్ల పాటలు, గంతులు, కార్లు. సోమారం నుంచి కుక్కలు తప్ప ఏం వినపడదు. హాల్ల అద్దాల బీరువ నిండ షీల్డులు. వాటి మీది దుమ్ము నేను తుడుస్త, పేర్లు ఆమె చదువుతది. ఒక్కొక్క పేరు చదివి "ఈయన పోయారు", "ఈవిడా పోయింది" అంటది. అది వింటె నేను గుడ్డ తీసుకొని వంటింట్లకు పోత.

పది కొట్టంగనే తయారై వచ్చింది. ఇస్త్రీ చేసిన గంధం రంగు చీర, మొఖానికి జర పౌడర్, జుట్టుకు కొత్తగ రంగు. పన్నెండు దినాల సంది రోజు గిట్లనే. సోఫాల కూసోని ఫోన్ తీసి టీపాయి మీద, చేతికి అందేటట్టు పెట్టుకుంటది. మోగదు. మోగితె లోన్ కావాల్నా అనే బ్యాంకోళ్లు.

"ఫోన్ ఏమైనా వచ్చిందా జ్యోతీ, నేను స్నానంలో ఉండగా?"

"రాలే అమ్మా."

"వాళ్లకీ పనులుంటాయిగా. తల్లి వేషమై ఉంటుంది. బామ్మైనా సరే. ఒక్క సీనైనా సరే అని చెప్పాలి." రిమోట్ అందుకున్నది. ఒత్తింది. మళ్ల ఒత్తింది. "ఇదేమిటి, పని చెయ్యట్లేదు?"

"సెల్లులు అయిపోయినట్టున్నయి. మొయినాబాద్ పోయినప్పుడు తెస్త."

"మొన్ననేగా వేశావు."

నేను కూరగాయలు కోసుకుంట వినపడనట్టు ఉన్న. ఎన్ని దినాలు దాస్త? ఆ సంగతి ఆలోచించలే. ఈ పూట గడిస్తె చాలు అనుకునుడే నాకు తెల్సిన బతుకు.

పదకొండింటికి గేటు కాడ కారు ఆగింది. వాచ్‌మెన్ నర్సింహ తీసిండు. దిగింది ఆనంద్ బాబు, చేతిల ప్లాస్టిక్ ఫైలు.

అమ్మగారు లేచి నిలవడ్డది. మోకాళ్లు నొస్తయని గోడ పట్టుకొని నడిచే మనిషి, సక్కగ నిలవడ్డది. చీర కుచ్చిళ్లు ఒక్కపారి సవరించుకున్నది. నాకు ఆమె దిక్కు చూడబుద్ధి కాలే.

"రండి బాబూ. మీ ఫోన్ కోసమే చూస్తున్నాను. ఎప్పటి నుంచి షూటింగు? నాకు డైలాగు కాగితాలు ముందు రోజే పంపాలి, ఇప్పుడు తొందరగా పట్టుబడట్లేదు."

ఆనంద్ బాబు నా దిక్కు చూసిండు. మంచోడే, నలభై ఏండ్లుంటయి. చేతిల ఫైలును ఇటు తిప్పిండు, అటు తిప్పిండు.

"మేడమ్, ఆంటీ మీకు చెప్పలేదా?"

"ఏం చెప్పాలి?"

ఇగ దాచేదేం లేదు. నేను కిందికి చూసుకుంటనే అన్న. "అమ్మా, ఫొటో ఒక్కటేనట. నిన్న వచ్చింది. దండేసి ఉన్నది."

ఆమె మెల్లగ కూసున్నది. టీపాయి మీద ఫోన్ తీసి ఒళ్లె పెట్టుకున్నది. నేను అనుకున్నట్టు గుండె పట్టుకోలే, ఏడవలే. ఆనంద్ బాబునే అడిగింది.

"దండ నిజం పూలా?"

"ప్లాస్టిక్ మేడమ్. కంటిన్యుటీ కోసం."

"వాడిపోకుండా. మంచిది." మళ్ల ఆగి, "ఫ్లాష్‌బ్యాక్ ఉందా?"

"ఉన్నది మేడమ్. దానికి చిన్నమ్మాయిని తీసుకున్నం."

"ఊ." నెత్తి ఊపింది. "మా రోజుల్లో శవం వేషం వేస్తే, షాట్ అవగానే డైరెక్టర్ గారు లేపి కూర్చోబెట్టేవారు. అరిష్టం పోవాలని కెమెరా వైపు చూసి నవ్వమనేవారు. ఆ నవ్వు కూడా ఫిల్ములో పట్టేవారు. నవ్వకుండా సెట్టు దిగనిచ్చేవారు కాదు. నేను మూడుసార్లు చచ్చాను బాబూ, మూడుసార్లూ నవ్వే ఇంటికెళ్లాను. మరి ఈ ఫొటోని ఎవరు నవ్విస్తారు?"

"ఫొటోల మీరు ఆల్రెడీ నవ్వుతనే ఉన్నరు కద మేడమ్."

పాపం, మంచిగ చెప్తున్న అనుకొనే అన్నడు.

ఫైల్లకెల్లి కాగితం తీసిండు. ఛానలోళ్లకు సంతకం కావాలెనట. ఇస్తె ఫొటో ఉంటది, లేకుంటె ఇంకో పెద్దామె ఫొటో పెట్టుకుంటరట. "ఇంకొకటి మేడమ్. సీరియల్ అయ్యేదాంక మీరు వేరే దాంట్ల కనపడొద్దు. చచ్చిపోయినామె ఇంకో ఛానల్ల తిరిగితె ఆడియన్స్ కన్ఫ్యూజ్ అయితరు."

"ఎన్నాళ్లు నడుస్తుంది?"

"వెయ్యి ఎపిసోడ్లు అనుకుంటున్నం. నాలుగేండ్లు."

డెబ్బై మూడు, నాలుగు, డెబ్బై ఏడు. నేను మనసుల కూడుకున్న. ఆమె గూడ అదే కూడుకున్నదేమో.

"అంటే నాలుగేళ్లు నేను చచ్చే ఉండాలి."

"ఫొటో వరకే మేడమ్."

"మీరు కాకుండా నన్ను అడిగినవాళ్లెవరూ లేరులే. మూడేళ్లయింది." చెయ్యి చాపింది. "పెన్నివ్వండి."

నా నోరు ఆగలే. "పెట్టకు అమ్మా. బతికున్న మనిషికి దండేస్తె చావును పిలిచినట్టె. నీకు మేం ఎవరం లేమా."

"ఎవరున్నారు జ్యోతీ?" అన్నది. కోపంతోని కాదు. నిజంగ తెల్సుకుందామని అడిగినట్టె అడిగింది. నేను పొద్దుగాల వచ్చి పగటీలి పోయేదాన్ని. ఏమని చెప్త?

ఆనంద్ బాబు కాగితం మీద వేలు పెట్టి చూపిచ్చిండు. "ఇక్కడ స్క్రీన్ నేమ్ కాదు మేడమ్. ఆధార్ల ఉన్న పేరు రాయాలె. కార్డు జిరాక్స్ గూడ కావాలె."

పెన్ను ఆగింది. ఆమె కాగితాన్ని కాదు, గోడను చూస్తున్నది. తర్వాత చెప్పింది, బీరువ కింది అర, బిస్కెట్ డబ్బల ఉన్నది తెమ్మని. ఏడేండ్ల సంది పనిచేస్తున్న, ఆ డబ్బ ఎన్నడు తెరువలే. కార్డు తీసుకొచ్చి ఇచ్చిన. ఆనంద్ బాబు చూసి నాకే తిరిగిచ్చిండు.

"ఇది నీది కాదు గద ఆంటీ? మేడమ్ ది తే. ఇదెవరో పెంటమ్మ అని ఉన్నది."

"నాదే," అన్నది అమ్మగారు. "పెంటమ్మనే. ఏం, గా పేరుకు నీ పెన్ను నడుస్తలేదా?"

నేను బిత్తరపోయిన. ఏడేండ్లల్ల ఆ నోట్లకెల్లి గసొంటి మాట నేను వినలే. సినిమాల్ల మాట్లాడినట్టే, పుస్తకంల అచ్చేసినట్టే మాట్లాడుతది. ఇప్పుడు వచ్చిన మాట మా వాకిట్ల మాట. ఆనంద్ బాబు ఏమనుకున్నడో, కాగితం టీపాయి మీదనే పెట్టి, నాలుగింటికి వస్త, ఆలోచించుకోండి మేడమ్ అని లేచిండు. కారు గేటు దాటింది.

అమ్మగారు లేచి వంటింట్లకొచ్చి, నేను మళ్ల కూరగాయలు కోసుకుంట కూసున్న పీట పక్కన, కింద బండల మీద కూసున్నది. మోకాళ్లు ఎట్ల వంగినయో.

"నాది గీ ఊరే జ్యోతీ. ఎంకపల్లి. పేపరోళ్లకు తెనాలి అని చెప్పిన. గట్ల చెప్తెనే వేషాలు వచ్చేటియి. మన మాట మాట్లాడితె పనిమనిషి వేషం ఇచ్చేటోళ్లు, నవ్వేటందుకు. మొదటి మూడు సినిమాలల్ల మనిషిని నేను, గొంతు ఇంకొకామెది. మద్రాసుల ఒక మాస్టరమ్మ కాడ రెండేండ్లు నేర్చుకున్న, వేరే నోరు పెట్టుకునుడు. మళ్ల తీయ బుద్ధి కాలే."

నేను కత్తి పక్కన పెట్టిన.

"నాకు ముందల ముగ్గురు పుట్టి పోయిన్రు. నేను పుట్టంగనే మా అమ్మ పెంట మీద పండబెట్టించింది. చావు చూసి, ఇది పారేసిన పిల్ల అనుకొని పోతదని. అందుకె పెంటమ్మ. అదొక్కటి చాలదని అమ్మింది గూడ. చాటెడు తౌడుకు."

గా రివాజు నాకు ఎరుకే. పిల్లలు దక్కనోళ్లు పసిగుడ్డును వేరే కులమోళ్లకో, వేరే మతమోళ్లకో తౌడుకు అమ్ముతరు. పిల్ల తల్లి ఇంట్లనే పెరుగుతది గని, పేరుకు కొన్నోళ్లది. పెండ్లి నాడు చీర పెట్టి, చాటెడు తౌడు తిరిగిచ్చి, బిడ్డను మళ్ల అడుక్కోవాలె.

"కొన్నామె అప్పుడు కొత్త పెండ్లికూతురు, తన ఇంటి చాటల తౌడు పోసుకొచ్చిందట. ఏటేటా చింతపండు తీసుకొని వచ్చేటిది. నన్ను ఎత్తుకొని మా అమ్మతోని, నా బిడ్డను మంచిగ సాదుతున్నవా లేదా, ఊకోను చూడు, అని పరాచికాలాడేది. నాకు పదిహేనేండ్లప్పుడు పెండ్లి కుదిరింది. తెల్లారితె తౌడు తిరిగియ్యాలె. నేను చేవెళ్ల బస్టాండుకు పోయి నాటకం కంపెనీ బండి ఎక్కిన." కొంగు అంచు వేలికి చుట్టుకుంట ఉన్నది. "మా అమ్మ పోయిన సంగతి ఆరు నెలలకు తెల్సింది. ఇగ ఆ తౌడు ఎవరు తిరిగియ్యలే. లెక్కకు నేను ఇప్పటికి ఆమె బిడ్డనే."

"ఇన్నేండ్లు ఇక్కడనే ఉండి ఒక్కసారి అడగకపోతివి అమ్మా?"

"అడిగితె పోయింది అంటరు. అడగకుంటె బతికే ఉన్నట్టు."

ఆ మాట నా లోపటికెల్లి తీసి చెప్పినట్టు ఉన్నది. నేను గూడ గట్లనే కద బతుకుతున్న. దాచుకుంట, అడగకుంట.

"ఏ ఊరామె?"

"మీ హిమాయత్‌నగర్. చర్చి వెనుక ఇల్లు. సత్తమ్మ. ముక్కు మీద పుట్టుమచ్చ ఉండేది."

చర్చి వెనుక ఉన్నది మా ఇల్లే. ఆ పుట్టుమచ్చ మీద ఈగ వాలితె రోజు నేనే తోలుత. తొంభై దాటిన గుండె, నిన్నటి సంది నీళ్లు తప్ప ఏం దిగలే. చచ్చిందనుకున్న బిడ్డ ఎదురుంగ వచ్చి నిలవడితె తట్టుకుంటదా? చెప్పకుంటె, ఆ గోడ దిక్కు తిరిగి అట్లనే పోతె? ఎటు చూసినా నాకు పాడె కనపడ్డది. చెప్పాల్నా వద్దా అని నోట్ల నాలుక తిరుగుతనే ఉన్నది. ఆఖరుకు వచ్చిన మాట ఇది.

"అమ్మా, మా అవ్వ మంచం కింద ఒక పాత చాట ఉన్నది. ఎవరిని ముట్టనియ్యది."

ఆమె నన్ను చూసింది. నా చెయ్యి పట్టుకున్నది, పట్టుకున్న చెయ్యి ఎముకల దాంక తెల్సింది.

"నిన్న టీవీల దండ చూసినకాంచి తింటలేదు. బతికే ఉన్నవంటె నమ్మలే. నా మాట ఆమె నమ్మది."

అమ్మగారు గోడ పట్టుకొని లేచింది. హాల్లకు పోయి ఆనంద్ బాబు కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, షీల్డుల బీరువ కిందికి తోసేసింది. "చచ్చిన అని సంతకం పెట్టి ఆమె ముందల ఎట్ల నిలవడాలె," అన్నది. మళ్ల నా దిక్కు తిరిగి అడిగింది.

"తౌడు దొరుకుతదా జ్యోతీ?"

నర్సింహ ఒక బర్రెను సాదుతడు. షెడ్డుల బస్త ఉన్నది. నేను చాట కోసం వెతికితె ఆ ఇంట్ల చాట లేదు. స్టీలు తాంబాళం ఉన్నది, పట్టుకపోయిన. అమ్మగారు వద్దన్నది. గంధం రంగు పట్టుచీర కొంగు పట్టి నిలవడ్డది. నర్సింహ నా దిక్కు చూసిండు, ఏంది అని. నేను పొయ్యమన్న. రెండు దోసిళ్లు పోసిండు. తౌడు పొడి లేసి ఆమె పౌడర్ మొఖం మీద పడ్డది. తుడుచుకోలే.

"ఇంకొంచెం," అన్నది. "చాటెడు కావాలె."

అప్పుడు నా ఫోన్ మోగింది. యోసేపు.

"జ్యోతీ, అవ్వను నువ్వు గిట్ల తోలుకపోయినవా?"

"నేనెక్కడ తోలుకొస్త? మంచం మీద పండుకొని ఉండె."

"మంచం మీద లేదు. ఊతకట్టె లేదు. చర్చి కాడ చూసిన, పాస్టర్ శాంతయ్య ఇంట్ల చూసిన. పొద్దుగాల ఎవరో ముసలామె ఎంకపల్లి ఎటు అని రోడ్డు మీద అడిగిందట. ఎండ చూస్తున్నవు గద." ఊపిరి తీసుకున్నడు. "మంచం కింద చాట గూడ లేదు."

ఎంకపల్లి తాన ఉంటదని నిన్న చెప్పింది నేనే. ఇన్నేండ్లల్ల అవ్వకు నేను చెప్పిన ఒక్క నిజం అదే.

అమ్మగారు కొంగుల తౌడు పట్టుకొని, జర గూడ కారిపోకుండ రెండు చేతులు దగ్గరికి చేసుకొని, నన్నే చూస్తున్నది.

"ఎవరు? ఇంటి నుంచేనా? ఏమంటున్నరు?"

ఏం లేదమ్మా అనే మాట నా నోటి దాంక వచ్చి నిలవడ్డది.